కొండమీది భూమి వాళ్ల పేరునే ఉండనివ్వండి

ప్రశ్న: నమస్కారం అండీ. మాది ఎస్.కోట దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పాస్‌పోర్టులు ఇంకా ఇండియావే. అరకు పక్కన అయిదెకరాలు కొని, అక్కడి గిరిజనులతో కలిసి ఆర్గానిక్ కాఫీ, చిరుధాన్యాలు పండించి, నాలుగు కాటేజీలు వేసి హోమ్‌స్టే నడపాలని మా ఆలోచన. లాభంలో వాళ్లకీ వాటా ఇస్తాం. ఇక్కడ పిల్లల స్కూల్లో ఏ ఫంక్షన్ జరిగినా ముందు "ఇది ఒలోనీ ప్రజల నేల" అని, ఇక్కడి ఆదివాసుల పేరు చెప్పి చదువుతారు. మనం కూడా అలా అక్కడివాళ్లను గౌరవిస్తూ చేయాలని నా కోరిక. బ్రోకరేమో ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, మన పేరు మీద రిజిస్ట్రేషన్ అవదు గానీ, ఒక ఎస్టీ కుటుంబం పేరు మీద ఉంచి మనకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), 99 ఏళ్ల లీజు, నోటరీ అగ్రిమెంటు ఇప్పిస్తానంటున్నాడు. "అందరూ అలాగే చేస్తున్నారు మేడం" అంటాడు. మావారు రెండు లక్షలు అడ్వాన్సు కూడా పంపేశారు. నాకే టెన్షన్‌గా ఉంది. న్యాయంగా చేసే దారి ఏదైనా ఉందా? ఎస్.కోట దగ్గర మా తాతగారి నుంచి వచ్చిన రెండెకరాలు నా పేరున ఖాళీగా ఉన్నాయి. వాటితో ఏమైనా ఉపయోగం ఉంటుందేమో చెప్పండి.
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: దారి ఉందమ్మా. కాకపోతే అందులో అయిదెకరాలు కొనడం లేదు. అది మనసుకు పట్టడానికి కాస్త టైం పడుతుంది కాబట్టి ముందు బ్రోకర్ సంగతి తేల్చేద్దాం.

ఆయన మీకు సగం నిజమే చెప్పాడు. ఏజెన్సీలో భూమి చేతులు మారడం గురించి 1959లో చేసిన నిబంధనలను 1970లో గట్టిగా సవరించారు. మన వైపు అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని, అంటే ఏజెన్సీలోని, భూమి గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ సొసైటీకో తప్ప ఇంకెవరికి బదిలీ అయినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడా, ఎప్పటినుంచో అక్కడున్న గిరిజనేతర షావుకారా అన్నది కూడా ముఖ్యం కాదు. కొనేవాడు గిరిజనేతరుడైతే చాలు, చెల్లదు. ఇక బ్రోకర్ మింగేసిన రెండో సగం ఏంటంటే, ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం, మార్పిడి, భూమి మీద జరిగే ఇంకే లావాదేవీ అయినా, వాటి కోసం రాసుకున్న ఒప్పందం అయినా అందులోకే వస్తాయి. అంటే మీకు చూపిస్తున్న జీపీఏ, 99 ఏళ్ల లీజు, నోటరీ కాగితం మూడూ ఒకే గంపలోవి.

పైగా రేపు గొడవ వస్తే చట్టం మీ పక్కన నిలబడదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉందంటే అది గిరిజనుడి దగ్గరనుంచే వచ్చిందని అనుకునే విచారణ మొదలుపెడతారు. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఆ విచారణ చేసేది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు. అక్కడ మీ కాటేజీల అందచందాలు ఎవరికీ పట్టవు.

మీ విషయంలో ఇంకో అడ్డంకి కూడా ఉంది, బ్రోకర్‌కి తెలిసి కూడా చెప్పి ఉండడు. ప్రవాస భారతీయులు దేశంలో ఎక్కడైనా సరే వ్యవసాయ భూమి, ప్లాంటేషన్, ఫామ్‌హౌస్ కొనకూడదు. విదేశీ మారకద్రవ్యం మీద ఉన్న ఫెమా చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అందుకే మీ ఎస్.కోట రెండెకరాలకు ఢోకా లేదు. అరకు అయినా, అమలాపురం అయినా, కొత్తగా అయిదెకరాల పొలం కొనే వీలు మీకు లేదు.

కొందరు బ్రోకర్లు ఇంకో అడుగు ముందుకేసి వీలునామా రాయిస్తామంటారు. చట్టంలో బదిలీ అన్న మాట నుంచి వీలునామాను మినహాయించారు, దాన్ని పట్టుకుని. వీలునామా రాసినవాడు బతికున్నంతకాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అది మీ చేతికి రావాలంటే ఆ మనిషి పోవాలి. అంటే మీరు ఫ్రీమాంట్‌లో కూర్చుని డుంబ్రిగుడలో ఒక పెద్దాయన చావు కోసం ఎదురుచూడాలి. ఆయన పోయాక ఆయన పిల్లలతో కోర్టుకెక్కాలి. గిరిజనులతో కలిసి ఏదో మంచి చేద్దామని బయల్దేరిన మనిషికి ఇది తగునా?

"అందరూ అలాగే చేస్తున్నారు" అన్న మాటలో అబద్ధం పెద్దగా లేదనే నేనూ ఒప్పుకుంటాను. ఘాట్ రోడ్డు ఎక్కినప్పటినుంచి కనిపించే బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితాలు కూడా దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. వంద రూపాయల స్టాంపు మీద "నా కుటుంబ అవసరముల నిమిత్తం" అని మొదలై, మొత్తం సొమ్ము ముట్టినట్టు రాసి, కింద ఒక వేలిముద్ర, పక్కన ఇద్దరు సాక్షులు. సాక్షుల్లో ఒకరు బ్రోకర్ బావమరిది. వేలిముద్ర వేసిన మనిషికి ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించిన దాఖలా మాత్రం ఉండదు.

మీరు ఒక్క నిమిషం ఆ వేలిముద్ర మనిషి గురించి ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆ కుటుంబం గురించి "ఒక ఎస్టీ కుటుంబం" అన్న మూడు మాటలే ఉన్నాయి. బినామీ చట్టాన్ని 2016లో సవరించాక శిక్ష డబ్బు పెట్టినవాడికే కాదు, పేరు ఇచ్చినవాడికీ పడుతుంది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా, ఆస్తి జప్తు. మీ లాయరు మిమ్మల్ని బయటపడేస్తాడేమో. ఆ పేరు ఇచ్చినాయన కోసం ఏ లాయరు వస్తాడు? ఆయన మహా అయితే పదివేలో ఇరవైవేలో తీసుకుని ఉంటాడు. తమ సొంత ఇంట్లో పనిచేసేవాళ్ల పేరు మీద, డ్రైవర్ పేరు మీద భూములు పెట్టినవాళ్లు ఉన్నారు. భూమి కోసమే గిరిజన అమ్మాయిని పెళ్లాడి తర్వాత వదిలేసినవాళ్లూ ఉన్నారు. అన్నీ ఈ "పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది" అన్న పద్ధతికి పుట్టినవే.

ఇంత కఠినమైన చట్టం ఎందుకు అని మీవారు అడగొచ్చు, అడగడంలో తప్పు లేదు. ఈ కాపుదల నిన్నా మొన్నటిది కూడా కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో 1917లోనే ఏజెన్సీ భూముల మీద చట్టం వచ్చింది. మైదానం నుంచి ఉప్పు, బట్ట, పొగాకు పట్టుకుని సంతకు వెళ్లిన షావుకారు అప్పు పెట్టడం, పంట రాగానే సగం ధరకు కొలిపించుకోవడం, మిగిలిన బాకీ కింద భూమి రాయించుకోవడం, అది జరిగిన కథ. తుపాకీతో పోయిన భూమి కన్నా తూకంలో, వడ్డీలో పోయిన భూమే ఎక్కువ. 1917 చట్టం ఉండగానే పోయింది, అందుకే 1959 వచ్చింది. అందులోనూ సందులు దొరికాయి కాబట్టి 1970 వచ్చింది. చట్టం చెల్లదని సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లకు 1988లో చుక్కెదురైంది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో అదే కోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. మీరు చిన్నప్పుడు బొర్రా గుహలకు రైల్లో వెళ్లే ఉంటారు. ఆ గుహల చుట్టుపక్కల అనంతగిరి మండలంలోని ఊళ్లలో గనుల లీజుల మీద మొదలైన గొడవ అది. ఏజెన్సీ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడానికి వీల్లేదని అందులో తీర్పు వచ్చింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు మీ బ్రోకర్ ఒక నోటరీ ముద్రతో తెచ్చిస్తానంటున్నాడు.

ఇక మీ పిల్లల స్కూల్లో చదివే ఆ వాక్యం. మీరు దాన్ని మనసుకు తీసుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది. చాలామంది ఆ టైంలో ఫోన్ చూసుకుంటారు. మీకు పక్కనే బర్క్‌లీలో ఏం జరిగిందో కాస్త చూడండి. అక్కడ ఒలోనీల పూర్వీకుల పవిత్ర స్థలం ఒకటి, వాళ్లు గవ్వల దిబ్బ అనేది, ఎప్పుడో చదునైపోయి పైన పార్కింగ్ లాట్ పడింది. దాన్ని తిరిగి సంపాదించుకోవడానికి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, చివరికి 2024లో వెనక్కి తెచ్చుకున్నారు. 2.2 ఎకరాలకు 2 కోట్ల 70 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం సొగొరియా టే అనే ఆదివాసీ మహిళల ల్యాండ్ ట్రస్టు తెచ్చింది. ఆ ట్రస్టుకు షూమి అని ఒక పద్ధతి ఉంది. ఆ నేల మీద ఇల్లు కట్టుకునో అద్దెకో ఉంటున్నవాళ్లు ఎవరి బలవంతం లేకుండా ఏటా కొంత కడతారు. ఫ్రీమాంట్ కూడా ఒలోనీల నేలే. గౌరవం చూపించాలని మీకు ఉంటే మొదటి అడుగు అక్కడే, మీ సొంత ఇంటి అడ్రసులోనే వేయొచ్చు. అరకు దాకా రానక్కర్లేదు.

నేను ఆ ఉదాహరణ తెచ్చింది అందుకు మాత్రమే కాదు. అక్కడ భూమి పూర్తిగా పోయాక, రెండు ఎకరాలు వెనక్కి తెచ్చుకోవడానికి అంత డబ్బు, అంత కాలం పట్టింది. అరకులో భూమి ఇంకా పోలేదు. ఒక కొండదొరకో, భగతకో, కోటియా కుటుంబానికో ఎకరమో రెండెకరాలో ఇంకా ఉంది. పోకుండా కాపాడుతున్నది, ఎన్ని చిల్లులున్నా, ఈ వన్ ఆఫ్ సెవెంటీయే. ఫ్రీమాంట్‌లో తిరిగి ఇవ్వాలని చూసే మనిషి ఎస్.కోట ఘాటీ ఎక్కగానే కొనాలని చూడటం ఏం లెక్క?

సరే, మరి ఏం చేయాలి. నా దృష్టిలో ఏజెన్సీలో బయటివాడు పెట్టగలిగిన న్యాయమైన పెట్టుబడికి ఒక గుర్తు ఉంది. రేపు మీకూ ఊరికీ పడకపోతే మీరు మీ సంచీ సర్దుకుని దిగిపోగలగాలి, ఊళ్లోవాళ్లకు అంగుళం భూమి కూడా తగ్గకూడదు. ఆ పరీక్షకు నిలబడే పనులు చాలానే ఉన్నాయి.

కాఫీనే తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. అంతా చిన్న చిన్న కమతాలు. సిల్వర్ ఓక్ నీడలో మొక్కలు, ఆ చెట్లకే మిరియం పాదులు. నవంబర్ నుంచి పండు కోత. పంట పండించడంలో వాళ్లకు మీరు నేర్పేదేమీ లేదు. డబ్బు జారిపోయేది పండు కోసిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. పండును కోసిన రోజే తొక్క తీసి, కడిగి, ఎత్తయిన బల్లల మీద ఆరబెడితే మంచి పార్చ్‌మెంట్, అంటే పైపొట్టుతో ఎండిన గింజ, వస్తుంది, ధర వస్తుంది. తొక్క తీసే యంత్రం, పల్పర్ లేక, ఆరబెట్టే చోటు లేక, ఇంట్లో డబ్బు అవసరం పడి, పచ్చికాయ పండుకాయ కలిపి కోసేసి సంతలోనో దళారికో ఇచ్చేస్తే అడిగిన ధరకే ఇవ్వాలి. ఆరు కిలోల పండు ఎండి, పొట్టు పోతే మిగిలేది సుమారు కిలో గింజ. ఆ లెక్క రైతుకు తెలుసు, దళారికీ తెలుసు. ఆగగలిగే శక్తి దళారికి మాత్రమే ఉంది.

కాబట్టి మీ అయిదెకరాల డబ్బు ఒక ఊరికి పల్పర్, నీటి తొట్టి, ఆరబెట్టే బల్లలు, వాన పడితే కప్పే పట్టాలు అయితే దాని విలువ వేరు. అవి ఊరి సొసైటీ పేరున ఉండాలి, మీ పేరున కాదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 కింద అలాంటి సొసైటీలు పెట్టుకోవచ్చు. అరకు కాఫీని పారిస్ దాకా తీసుకెళ్లినది కూడా ఇలా చిన్న గిరిజన రైతుల సహకార సంఘమే, నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా నిలబడింది. 2017లో పారిస్‌లో షాపు తెరిచారు. ఆ బ్రాండు అంత పేరు తెచ్చుకుంటుంటే రైతు భూమి ఎక్కడికీ పోలేదు, రైతు పేరునే ఉంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ ప్యాకెట్ మీద ఆ పేరు వాడాలంటే అనుమతి తీసుకోవాలి, అది వేరే పని, మర్చిపోవద్దు.

ఏ ఊరు అన్నది మీరు మ్యాప్ చూసి నిర్ణయించే విషయం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసులో జరిగే మీటింగ్ కాదు, ఆ గూడెం మనుషులందరూ కూర్చునేది. భూమి చేతులు మారకుండా చూసే అధికారం కూడా ఆ సభకు ఉంది. అక్కడికి మీరు వెళ్లి ప్రాజెక్టు రిపోర్టు చదవకండి. ముందు వాళ్లకు కావాల్సిందేమిటో వినండి. మీరు పల్పర్ అనుకుని వెళ్తారు, వాళ్లు ఊటగెడ్డ నుంచి ఇళ్లకు పైపు కావాలంటారు. అప్పుడు పైపే ముందు. నీళ్లు మోసే ఆడవాళ్లకు రోజులో గంట మిగిలితే కాఫీ కోతకు అదే పెట్టుబడి. సభ పెట్టే టైం కూడా చూసుకోండి. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో వెళ్లి "అందరూ రాలేదు" అని నొచ్చుకుంటే తప్పు మీది.

ఆ సభలో మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టండి. తెలుగులో రాసి, ఊళ్లో ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లుంటే ఆ భాషలో వినిపించి, ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉంచండి. సంతకాల్లో ఆడవాళ్లవి ఉన్నాయో లేదో చూడండి. అటవీ హక్కుల పట్టాలే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని 2006 చట్టం చెబుతుంటే, మీ కాగితం మగవాళ్ల సంతకాలతో సరిపెట్టుకోకూడదు కదా. ఇంతకీ ఆ అటవీ హక్కుల (ఆర్వోఎఫ్ఆర్) పట్టా భూమి వారసులకు వెళ్తుందే తప్ప అమ్మడానికి, కొనడానికి గిరిజనుల మధ్య కూడా వీల్లేదు. బ్రోకర్ చూపించిన ఆ అయిదెకరాల్లో అది ఎంత కలిసి ఉందో ఎవరికి తెలుసు.

ఒప్పందంలో నేను పట్టుబట్టే మాటలు కొన్ని ఉన్నాయి. ధరకు ఒక అడుగు గీత ఉండాలి, ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఆ సీజన్‌కి ప్రకటించే ధర కన్నా అది తక్కువ కాకూడదు. పంటంతా మీకే ఇవ్వాలన్న షరతు పెట్టకండి. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తే వాళ్లకు అమ్ముకునే స్వేచ్ఛ ఉంటేనే మీ ధర నిజమైన ధర అవుతుంది. నష్టం వచ్చిన ఏడాది ఎవరిది అన్నది ముందే రాసుకోండి. 2025లో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు అరకు తోటల్లో కనబడి, సోకిన కాయలన్నీ దూసి పారేయాల్సి వచ్చింది. అలాంటప్పుడు "పంట ఇవ్వలేదు కాబట్టి బాకీ" అని మీ పుస్తకంలో పడితే మీరూ ఆ పాత షావుకారే. అడ్వాన్సు ఇస్తే సొసైటీకి ఇవ్వండి, వడ్డీ లేకుండా, పంటతోనే చెల్లేలా. విడిగా మనుషులకు అప్పులివ్వకండి. ఏజెన్సీలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడాన్ని అడ్డుకునే నిబంధన 1960 నుంచి ఉంది, మీరు సాయం అనుకున్నది దాని కిందికి వచ్చి పడుతుంది.

లాభంలో వాటా అన్నారు, ఎంతో చెప్పలేదు. సమత తీర్పులో గనులకు సంబంధించి కోర్టు ఒక కొలత పెట్టింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో చదువు, వైద్యం, నీరు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని. అది గనుల మాట, మీది కాఫీ. అయినా మీ బేరం అక్కడినుంచి పైకి మొదలవ్వాలి, కిందికి కాదు. ఇది పండుకు కట్టే ధర కాక వేరుగా. ధర తగ్గించి, ఆ తగ్గించిన దాన్నే వాటా అని పండగ రోజు స్టేజీ మీద ఇవ్వడం కూడా చూశాం లెండి.

హోమ్‌స్టే విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. కాటేజీ అంటే భూమిలో పాతుకున్న పునాది, అది మళ్లీ లీజు గొడవలోకే లాగుతుంది. ఊళ్లో రెండు మూడు కుటుంబాలు తమ ఇంట్లోనే ఒక గది అతిథులకు ఇవ్వాలనుకుంటే, ఆ గదికి టాయిలెట్, దోమతెర, మంచి పరుపు పెట్టుకోవడానికి సాయం చేయండి. బుకింగ్ మీరు చూడండి, కమీషన్ తీసుకోండి. ఇల్లు వాళ్లది, వంట వాళ్లది, ఎంతమందిని రానివ్వాలో చెప్పేది వాళ్లు. శని, ఆదివారాల్లో కార్లు దిగి ప్లాస్టిక్ సీసాలు గెడ్డలో వదిలేసి వెళ్లే జనాన్ని చూసి ఊరు వద్దంటే, మీ బిజినెస్ ప్లాన్‌లో ఆ పేజీ చింపేయండి. ధింసా ఆడించి టిప్పు ఇచ్చే ప్యాకేజీలు కూడా వద్దు, అడిగినా.

మీ ఎస్.కోట రెండెకరాలే నిజానికి మీ దగ్గరున్న అసలు బలం. పల్పింగ్, ఆరబెట్టడం కొండ మీదే, తోట పక్కనే జరగాలి. పొట్టు తీయడం, గ్రేడింగ్, వేయించడం, ప్యాకింగ్ మైదానంలో జరగొచ్చు. ఎస్.కోట అరకు దారిలోనే ఉంది, విశాఖకు దగ్గర. అక్కడ చిన్న రోస్టింగ్ యూనిట్, తేమ పట్టని గోదాము పెట్టుకోండి. వ్యవసాయేతర వాడకానికి కావాల్సిన అనుమతులు స్థానికంగా కనుక్కుని చేయండి. కాటేజీల సరదా అంత ఉంటే అవి కూడా మీ తాతగారి నేల మీదే కట్టుకోండి, కిటికీలోంచి కొండలు కనిపిస్తూనే ఉంటాయి. దూరపు కొండలు నునుపు అంటారు, అతిథికి అంతకన్నా ఏం కావాలి.

ఒక జాగ్రత్త. మీ మండలంలోనూ, అనకాపల్లి జిల్లాలో దేవరాపల్లి, మాడుగుల, రావికమతం, గొలుగొండ వైపూ కొండవాలున గిరిజన గూడేలున్నా షెడ్యూల్డ్ ఏరియాలో లేని ఊళ్లు ఉన్నాయి. అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. "మేడం, ఇక్కడైతే క్లియర్ టైటిల్, మీ తమ్ముడి పేరున చేయించుకోండి" అని బ్రోకర్ రేపు ఫోన్ చేస్తాడు చూడండి. నిజంగానే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. అసలు చిక్కు అక్కడుంది. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో పేరు ఎవరిదో ఒకరిది, రెండు తరాలుగా జీడిమామిడి పెంచి గింజ ఏరుకుంటున్నది గూడెంవాళ్లు. కాగితం కొన్నవాడు పోలీసుల్ని తీసుకుని తోటలోకి వస్తాడు. ఆ వైపు భూమి ఎవరైనా చూపిస్తే పాసుపుస్తకం చూసి ఊరుకోకండి. చెట్లు నాటింది ఎవరు, కాయ కోసేది ఎవరు అని గూడెంలో నడుచుకుంటూ వెళ్లి అడగండి. కోసేవాడు అమ్మేవాడు వేరైతే వెనక్కి వచ్చేయండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమైతే అసలు వెళ్లనే వద్దు.

డబ్బు పంపే దారి కూడా సరిగ్గా ఉండాలి. మీవి ఇండియన్ పాస్‌పోర్టులే కాబట్టి మీ సొంత సంపాదన మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. రేపు అమెరికా పౌరసత్వం తీసుకుంటే లెక్క మారుతుంది. అప్పుడు మీ విరాళం తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫ్రీమాంట్ స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి మీ ఖాతాలోంచి పంపే పని మాత్రం చేయకండి, వాళ్లలో ఎవరికి ఏ పాస్‌పోర్టుందో మీకు తెలియదు. మొదలుపెట్టే ముందు విశాఖలో మంచి చార్టర్డ్ అకౌంటెంట్‌ని ఒకసారి కలవండి. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసులో, కాఫీ బోర్డు వాళ్ల దగ్గర కూడా ఏ ఊళ్లలో ఇప్పటికే పల్పర్లు ఉన్నాయో, ఎక్కడ లేవో అడిగితే చెబుతారు. ఉన్నచోటే ఇంకోటి పెట్టడం దండగ.

మిగిలింది ఆ రెండు లక్షలు. చెల్లని ఒప్పందం మీద ఇచ్చిన అడ్వాన్సు కోర్టుకెళ్లి వసూలు చేసుకోవడం కష్టం, లాయరు ఫీజు అంతకన్నా ఎక్కువవుతుంది. బ్రోకర్‌కి వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో "ఈ లావాదేవీ చట్టవిరుద్ధమని తెలిసింది, మేం తప్పుకుంటున్నాం, డబ్బు ఫలానా ఖాతాకి వెనక్కి వేయండి" అని ఈ వారమే రాసి పెట్టుకోండి. మీరు తప్పుకున్నట్టు ఆ రాత ఒక ఆధారం. మీ పేరున ఏ జీపీఏ ముసాయిదా, ఏ స్టాంపు కాగితం తయారైనా వాటి మీద సంతకం పెట్టకండి, మీవారిచేత పెట్టనివ్వకండి. వెనక్కి ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే గోడకేసిన సున్నం అనుకోండి. ఆ సొమ్ములో కొంత ఆ ఎస్టీ కుటుంబానికి ముట్టి ఉంటే, దాని కోసం వాళ్లింటికి మనిషిని మాత్రం పంపకండి.